సామ్రాజ్యం ఇక్కడే ఎందుకు ఆగింది

కరీంనగర్‌ల నేను ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పేదాన్ని. హెచ్‌ఈసీ గ్రూపు. కొడుకు ఎంపీసీ చదువుతుంటే తల్లిదండ్రులు అడగకముందే చెప్పుకుంటరు. హెచ్‌ఈసీ అయితే "ఇంటర్ చదువుతుండు" అని ఊకుంటరు. అట్ల గ్రూపు పేరు చెప్పుకోలేని పిల్లలందరు నా క్లాసుల ఉండేటోళ్ళు. శాతవాహనులు గానీ, రోమన్లు గానీ, ఎవరి గురించి చెప్పినా మంచిగనే వినేటోళ్ళు. ఆఖరుకు మాత్రం నోట్స్ చెప్పుండ్రి అని అడిగేటోళ్ళు. మా దగ్గర నోట్స్ చెప్పకపోతే అది క్లాసు కిందికి రాదు.

మా ఆయనకు ఫ్రాంక్‌ఫర్ట్‌ల ఐటీ కొలువు దొరికింది, జర్మనీల కొలువు చేసేటోళ్ళకిచ్చే బ్లూ కార్డు వచ్చింది, దాని ఎనుక తోక లెక్క నాకు డిపెండెంట్ వీసా వచ్చింది. బిడ్డకు రెండేండ్లప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న డార్మ్‌స్టాట్‌కు వచ్చినం. ఇల్లు, అన్‌మెల్డుంగ్ అనే అడ్రసు నమోదు, కీటా అనే చిన్నపిల్లల బడి, ఆఫీసులల్ల టెర్మిన్ అనే అపాయింట్‌మెంట్లు, ఒక్కో టెర్మిన్‌కు ఒక్కో ఏడుపు, అందరు పడేదే మేమూ పడ్డం. అన్నీ కుదురుకున్నంక ఇగ నా సంగతేంది అని చూస్తే నాకంటూ ఏం లేకుండె. నా ఎం.ఏ. సర్టిఫికెట్‌ను ఆఫీసులల్ల అటు తిప్పి ఇటు తిప్పి చూసిన్రు. బడిల పాఠం చెప్పాలంటే ఇక్కడి చదువు మళ్ళ మొదటికెళ్ళి చదవాలన్నరు. మా తెలుగోళ్ళ వాట్సాప్ గ్రూపుల అన్ని రోగాలకూ ఒకటే మందు ఉంటది, టెస్టింగ్ కోర్సు చెయ్యక్కా అని. ఏం టెస్ట్ చెయ్యాలె నేను? ఇంకెవరో రాసిన ప్రోగ్రాముల తప్పులు పట్టుకుంట కూసునే ఓపిక నాకు లేదు. నాకు మళ్ళ పిల్లల ముంగట నిలబడి చరిత్ర చెప్పాలని ఉండె. అంతకు మించిన కోరిక నాకు ఈ దేశంల ఇంకోటి లేకుండె.

అందుకే జర్మన్ కోర్సు మీద కోర్సు చేసుకుంట పోయిన. బిడ్డ ఐదో తరగతికి వచ్చింది. పోయినేడాది వాళ్ళ బడి పిల్లలను ఓడెన్‌వాల్డ్ కొండలకు తీసుకపోతుంటే తోడుగ తల్లులు కావాలన్నరు, నేనూ పోయిన. అక్కడ అడవి పక్కన ఒక చిన్న మ్యూజియం ఉన్నది. రోమన్లు దగ్గరదగ్గర రెండువేల ఏండ్ల కిందట ఇటలీ నుంచి గెలుసుకుంట గెలుసుకుంట వచ్చి ఆ కొండల దగ్గర ఆగిన్రు. ఆగిన చోట అడవి పొడుగున కావలి బురుజులు కట్టిన్రు, ఒక బురుజు మీదికెళ్ళి చూస్తే ఇంకో బురుజు కనపడేటట్టు. బురుజులు ఎప్పుడో కూలిపోయినయి, పునాది రాళ్ళు మిగిలినయి. మ్యూజియమోళ్ళు పిల్లలకు చూపించెతందుకు ఒక బురుజును మాత్రం కర్రలతోటి మళ్ళ కట్టిన్రు. బయటికి వస్తుంటే తలుపు మీద కాయితం కనపడ్డది. బడి పిల్లలను తిప్పి చూపించే గైడ్లు కావాలట. నా కాళ్ళు అక్కడనే నిలబడిపోయినయి.

మీకు ఒక సంగతి చెప్పాలె. రోమ్ పెద్దగ అవుతున్న కాలంలనే మా దిక్కు శాతవాహనులు పెద్దగయిన్రు. గోదావరి ఒడ్డున కోటిలింగాలల వాళ్ళ మొదటి రాజుల నాణేలు దొరికినయి. వాళ్ళు పుట్టింది మా దగ్గరనా, పడమట పైఠాన్ దగ్గరనా అని పండితులు ఇప్పటికీ కొట్లాడుకుంటరు. కొట్లాడుకోనీ. నాణేలయితే మా దగ్గర దొరికినయి. అక్కడికెళ్ళి వాళ్ళ ఏలుబడి పడమటి కనుమలు దాటి అటు సముద్రం దాక, ఇటు కృష్ణా నది కలిసే సముద్రం దాక పోయింది. మా పెద్దబంకూరు తవ్వకాలల్ల రోమన్ నాణేలు కూడ బయటపడ్డయి. అంటే ఈ రోమన్లు నాకు కొత్తోళ్ళేం కాదు. మా జిల్లాకు వచ్చి పోయిన సొమ్ము వాళ్ళది.

నేను రాసిన మెయిలుకు మ్యూజియం ఇంచార్జి పిలిచింది. నెరిసిన జుట్టు కత్తిరించుకున్న మనిషి, నవ్వు తక్కువ, చేతిల ఎప్పుడూ రాసే అట్ట ఉంటది. నా జర్మన్ విన్నది, సరిపోతదన్నది. మూడు వారాలల్ల ఒక ఆరో తరగతి వస్తది, వాళ్ళకు మీరు చెప్పుండ్రి, నేను ఎనుక నిలబడి చూస్త అన్నది. ఎట్ల చెప్పాలె, ఏం చెప్పాలె అని ఒక్క ముక్క చెప్పలే. సిలబస్ లేని పరీక్ష అన్నట్టు.

ఇగ నేను ఏం చేసిన? మనకు వచ్చిందే చేసిన. రోమన్ సామ్రాజ్య విస్తరణ మీద జర్మన్‌ల పెద్ద వ్యాసం రాసి మొత్తం బట్టీ పట్టిన. కారణాలు, మార్గాలు, సరిహద్దులు, ఫలితాలు, అన్నీ వరుసగ. వంటింట్ల కూర కలుపుకుంట అప్పజెప్తుంటే బిడ్డ కాయితం పట్టుకొని చూసేది, నా ఉచ్చారణకు ముక్కు ఇరిసేది. మా ఆయన టీ తాగుకుంట వినేటోడు. రోమ్ సైన్యంల బయటి దేశపోళ్ళు పాతికేండ్లు కొలువు చేస్తే పౌరసత్వం ఇచ్చేదని నేను చదివితే, అయితే వాళ్ళకు కూడ టెర్మిన్ దొరకలేదన్నమాట అన్నడు. ఆఖరున మా శాతవాహనులను కూడ కలిపిన. ఒక రాజు గుర్రాలు మూడు సముద్రాల నీళ్ళు తాగినయని శాసనంల పొగిడిన్రు కదా, అది చెప్పిన. బిడ్డ కాయితం మీదికెళ్ళి తల ఎత్తి, గుర్రాలు ఉప్పు నీళ్ళు తాగవు కదా అని జర్మన్‌ల అడిగింది. అన్నేండ్లు పాఠం చెప్పిన, ఒక్క పిల్లగాడు ఆ మాట అడగలే. నాకు కోపమొచ్చి ముందు నువ్వు వ్యాసం చూడు అన్న.

పరీక్ష రోజు సన్నగ వాన. కర్రల బురుజు ముంగట గడ్డి మీద పిల్లలు రంగురంగుల రెయిన్‌కోట్లేసుకొని నిలబడ్డరు. నేను గొంతు సవరించుకొని మొదలుపెట్టిన. ఒక్క అక్షరం తప్పు పోలే, నిజంగ. కానీ నోరు తెరవంగనే నాల ఉన్న పాత లెక్చరర్ లేచి కూసున్నది. రాసుకోండి అన్న. ఆ పిల్లలు తడి చేతులతోటి ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. నేను ఆగలే. మా కాలేజీల నోట్స్ చెప్పేటప్పుడు ప్రతి వాక్యం రెండుసార్లు చెప్తం, ఎనుక బెంచీలోళ్ళకు అందాలని. ఇక్కడ కూడ అట్లనే ప్రతి వాక్యం రెండుసార్లు చెప్పుకుంట పోయిన. నాలుగో కారణం దగ్గర ఒక పిల్లగాడు వాళ్ళ టీచరును మెల్లగ అడిగిండు, ఆమె ఇప్పుడే చెప్పిన సంగతి మర్సిపోయిందా అని. నాకు వినపడ్డది. తర్వాత పిల్లలు ఒక్కొక్కరు బురుజు కర్రలు తడుముకుంట జారిపోయిన్రు. మా శాతవాహనుల దగ్గరికి వచ్చేసరికి నా ముంగట టీచరు, ఇద్దరు మర్యాదస్తులైన ఆడపిల్లలు మిగిలిన్రు.

జర్మనోళ్ళకు మెత్తగ చెప్పుడు రాదు. ఇంచార్జి నన్ను లోపల కూసోబెట్టి కాఫీ ఇచ్చి, సూటిగ మొకం చూసి చెప్పింది.

"మీకు అన్నీ తెలుసు. మా గైడ్లలో ఎవరికీ ఇంత తెలియదు. కానీ మీరు ఆ పిల్లలతో లేరు. ఎక్కడో ఉన్న పుస్తకం చదివి వినిపించారు."

వచ్చే నెల ఇంకో బడి వస్తదని, ఇంకోసారి చూద్దామని, అప్పుడు కూడ ఇట్లనే ఉంటే వేరేటోళ్ళను తీసుకోక తప్పదని అన్నది. సరేనన్న. బస్సుల కిటికీ దిక్కు తిరిగి ఏడ్చిన. ఆమె అన్నది తప్పయితే తిట్టుకొని ఊకుందును. నిజం కాబట్టే ఏడుపు ఆగలే. చరిత్ర చెప్పుడు ఒక్కటే నాకు వచ్చు అనుకున్న, అది కూడ రాదని ఒక పరాయి మనిషి కాఫీ ఇచ్చి మరీ చెప్పింది.

ఇంటికొచ్చినంక మా ఆయన మంచి కోరే మాట్లాడిండు. వాళ్ళ ఆఫీసుల ఎవరి భార్యనో టెస్టింగ్ నేర్చుకొని జాబ్‌ల చేరిందట. తెల్లారి ఆయన టిఫిన్ బాక్సుల ముందురోజు పప్పే పెట్టిన. ఆయన అదే తిని డబ్బా కడిగి తెచ్చిండు.

ఆ ఆదివారం ఎండ మంచిగ కొట్టింది. కాసేపు అడవిల నడిచొద్దామని మా ఆయన మమ్మల్ని ఆ కొండలకే తోలుకపోయిండు. నాకు మ్యూజియం దిక్కు పోబుద్ధి కాలే. పాత సరిహద్దు మీద ఇప్పుడు కాలిబాట ఉన్నది, దాన్ని పట్టుకొని పోయినం. ఒక బురుజు పునాది దగ్గర ఆగి రొట్టెలు తిన్నం. మోకాలెత్తు రాళ్ళు, వాటి మీద నాచు. బిడ్డ రాళ్ళ మీద నిలబడి అటు చూసింది, ఇటు చూసింది.

"అటు కూడ చెట్లే, ఇటు కూడ చెట్లే. మరి ఇక్కడనే ఎందుకు ఆగిన్రమ్మా?"

అది తెలుగుల అడిగింది, ఎప్పుడోగాని అడగదు. నేను మొదలుపెట్టిన, రోమన్ సామ్రాజ్య విస్తరణ ఆగిపోవుటకు గల కారణములు అన్నట్టే. బిడ్డ చెయ్యి అడ్డం పెట్టి, మళ్ళ చదువుతున్నవ్ అని జర్మన్‌ల అన్నది. అది నన్ను వదిలేసి తనే చూసుకునెతందుకు లేచింది. వాళ్ళ నాయినను బాట మీద ముంగటికి పంపింది, కనపడేదాక పో, కనపడకపోతే ఆగు అని. మలుపు దగ్గర ఆయన చెయ్యి ఊపిండు. నన్ను రెండో దిక్కు పంపింది. నేనూ పోయి ఒక చెట్టు దగ్గర నిలబడి చెయ్యి ఊపిన. బిడ్డ నడుమ రాళ్ళ మీద నిలబడి కాసేపు ఆలోచించి గట్టిగ కేకేసింది, ఇగ మన దగ్గర మనుషులు లేరు, అడవి మాత్రం ఇంకా ఉన్నది అని.

నేను ఆ చెట్టు దగ్గరనే నిలబడి ఉన్న. నా వ్యాసంల ఏడో కారణం అదే. సిబ్బంది కొరత. కరీంనగర్‌ల ఎన్నిసార్లు రాపించిన దాన్ని. ముంగట ఎవరూ లేని బాట మీద నిలబడితే గని అదేందో నాకు తెలిసి రాలే. మా ఆయన మలుపు దగ్గరికెళ్ళి ఇగ రావచ్చా అని అడుగుతుండు. ఇంకాసేపు ఉండుమన్న.

రెండోసారి ఏడో తరగతి పిల్లలు వచ్చిన్రు. వాళ్ళు ఇంకా పెద్ద దయ్యాలు, కొందరయితే చెవులల్ల వైర్లు కూడ తియ్యలే. ఇంచార్జి అట్ట పట్టుకొని ఎనుక నిలబడ్డది. నా నోరు బట్టీ పట్టిన మొదటి వాక్యం దిక్కే ఉరికింది. పండ్లు బిగబట్టి మింగిన. భయమయితుండె, ఏదో ఒకటి అనాలె కాబట్టి ఈ అడవి అంచు మొత్తం మనం కాపలా కాయాలె, ఎట్ల కాద్దాం అని అడిగిన.

ఒక పొడుగు పిల్లగాడు, వరుసగ నిలబడాలె అన్నడు. నిలబడుండ్రి మరి అన్న. మొదలు వాళ్ళు భుజం భుజం తగిలేటట్టు నిలబడ్డరు, గడ్డిల సగం కూడ నిండలే. దూరం జరిగిన్రు. ఎంత దూరం జరగొచ్చని వాళ్ళల్ల వాళ్ళకే లొల్లి అయింది. పక్కోడు చెయ్యెత్తితే కనపడాలె, అంతకు మించి జరగొద్దు అని ఒక పిల్ల తీర్పు చెప్పింది. అడవిల నుంచి ఎవరన్నా వస్తే రెండు చేతులెత్తాలె, అది చూసి పక్కోడు ఎత్తాలె. ఒక కొసకెళ్ళి చేతులు లేసుకుంట ఇంకో కొస దాక పోతుంటే చెవుల వైర్లు వాటంతటవే ఊడినయి.

గడ్డి చివరున్న కంచె దాక ఇంకా చాన జాగ మిగిలింది. మనుషులు చాలలే. పిల్లలు వాళ్ళ టీచరును గుంజుకపోయి నిలబెట్టిన్రు. అయినా చాలలే. పొడుగు పిల్లగాడు ఎనక్కి తిరిగి ఇంచార్జిని చూసిండు. నా పానం ఎగిరిపోయింది. వద్దనేలోపల ఇద్దరు పోయి ఆమెను పిలిచిన్రు. ఆమె ఒక్క గడియ నా దిక్కు చూసింది, తర్వాత అట్టను బెంచీ మీద పెట్టి, కోటు గుండీలు పెట్టుకొని, కంచె దిక్కు అందరికంటె చివర పోయి నిలబడ్డది.

అయినా జాగ మిగిలింది. ఇప్పుడేం చేద్దామని అడిగిన. వేరే ఊర్లకెళ్ళి మనుషులను తెద్దాం అన్నరు. వాళ్ళు కూడ అదే చేసిన్రని చెప్పిన. సముద్రం అవతల బ్రిటన్ దీవికెళ్ళి మనుషులను తెచ్చి ఈ అడవిల కాపలా పెట్టిన్రు. వాళ్ళకు ఇల్లు యాదికి రాదా అని ఒక పిల్ల అడిగింది. వస్తదన్న. మాటలు సరిగ వినపడుతలేవని పిల్లలు వరుస ఇడిసి నా చుట్టు చేరిన్రు. మీరు ఎక్కడికెళ్ళి వచ్చిన్రు, మీ దగ్గర కూడ రోమన్లు ఉండేనా అని అడిగిన్రు. సైనికుడు ఇక్కడ ఆగిపోయిండు గని, ఆయన రాజు బొమ్మ ఉన్న నాణెం మా జిల్లా దాక వచ్చింది అన్న. బట్టలకు, మిరియాలకు, ముత్యాలకు. అప్పుడు మా దగ్గర ఇంకో సామ్రాజ్యం ఉండె, గోదావరి ఒడ్డున మా ఇంటికి దగ్గరల వాళ్ళ పాత కోట గోడలు మట్టిల ఉన్నయి, ఆ మట్టిల కాలు పెడితే కుండ పెంకులు తగులుతయి అన్న. వాళ్ళు ఎంత దూరం గెలిచిన్రంటే వాళ్ళ రాజు గుర్రాలు మూడు సముద్రాల నీళ్ళు తాగినయట అని చెప్పిన. పిల్లలు కూడబలుక్కున్నట్టు ఉప్పు నీళ్ళు ఎట్ల తాగుతయి అన్నరు. మరి ఎందుకట్ల రాసుకున్నరో మీరే చెప్పుండ్రి అన్న. గొప్పలు అన్నడు ఒకడు. గుర్రాలు పోయినయి గని తాగలే అన్నది ఇంకో పిల్ల. వాళ్ళు కొట్లాడుకుంటుంటే నేను నవ్వుకుంట నిలబడ్డ. నాకు భయం ఎప్పుడు పోయిందో తెల్వదు.

వాళ్ళ బస్సు టైమయింది. టీచరు పిల్లలను కూడేస్తుంటే అప్పుడు చూసిన, ఇంచార్జి ఇంకా కంచె దగ్గరనే ఒక్కతే నిలబడి ఉన్నది, అడవి దిక్కు చూసుకుంట. ఆమెకు ఎవరూ రమ్మని సైగ చెయ్యలే. నాకు సిగ్గయి ఉరికిన. నా పాఠం సగానికి ఎక్కువ ఆమెకు వినపడనే లేదు, ఇగ ఏం చూసి చెప్తది అనుకున్న. దగ్గరికి పోయి క్షమించుండ్రి, మీకు ఏం వినపడలే కదా అన్న.

"లేదు. నేను కాపలా కాస్తున్నాను కదా," అన్నది ఆమె. చలికి ముక్కు ఎర్రగయింది. ఇద్దరం గడ్డి మీద నడుచుకుంట వచ్చినం. బెంచీ మీద అట్ట తీసుకొని, వచ్చే శనివారం పొద్దుగాల ఇంకో గుంపు వస్తదని, అది మీదేనని చెప్పింది.

బస్ స్టాపుల నిలబడి మా ఆయనకు ఫోన్ చేసిన. ఆయన మీటింగ్‌లకెళ్ళి బయటికొచ్చి ఎత్తిండు, నన్ను చెప్పనీయకుండ తనే మొదలుపెట్టిండు. శనివారం దోస్తు ఇంట్ల బారసాల ఉన్నదట, పొద్దుగాలనే బయలుదేరాలట, నేను పులిహోర చేసుకొస్తనని మాటిచ్చిండట.

"శనివారం నేను రాను," అన్న. "నాకు క్లాసున్నది."

అటు దిక్కు గొంతు సవరించుకున్నట్టు వినపడ్డది.

"ఎన్నింటికి, మేడం?" అన్నడు.